ఓరుగల్లు ఎండలో ప్రాసెసర్ వేగం

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన త్రినగరిలో ఇంజినీరింగ్ చదువుకు లోతైన వేళ్లున్నాయి. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా, అంటే అందరూ నిట్ అని పిలుచుకునే సంస్థగా మారింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2020 జనవరిలో మడికొండలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల కార్యాలయాలు తెరుచుకున్నాయి. ఈ చదువుల్లోనైనా, ఈ ఉద్యోగాల్లోనైనా ప్రోగ్రాములు రాసేవారు ఏదో ఒక దశలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ముందు కూర్చోక తప్పదు. అలా కూర్చున్నవారిని తరచూ కలవరపెట్టే విషయం ఒకటుంది: కంప్యూటరు మారదు, ప్రోగ్రాము మారదు, ఇచ్చిన సమాచారమూ మారదు, అయినా పని ముగియడానికి పట్టే సమయం మాత్రం ఒక్కో పూట ఒక్కోలా ఉంటుంది. వైరస్ పట్టిందనో, కంప్యూటరు పాతబడిందనో సరిపెట్టుకునేవారు చాలామంది. అసలు కారణం చాలా సందర్భాలలో ప్రాసెసర్ వేగాన్ని ఎప్పటికప్పుడు పెంచుతూ తగ్గిస్తూ ఉండే లినక్స్ అమరికల్లోనూ, ఆ అమరికలకు లొంగని గది వేడిలోనూ ఉంటుంది.

ప్రాసెసర్‌లోని కోట్లాది ట్రాన్సిస్టర్లు ఒకే క్రమంలో పనిచేయడానికి ఒక విద్యుత్ స్పందన నిరంతరాయంగా సాగుతూ ఉంటుంది. దానిని క్లాక్ అనీ, అది సెకనుకు ఎన్నిసార్లు స్పందిస్తుందో ఆ సంఖ్యను పౌనఃపున్యం అనీ అంటారు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంటే సెకనుకు 300 కోట్ల స్పందనలు. స్పందనలు పెరిగితే పని వేగం పెరుగుతుందన్నది సులభంగానే బోధపడుతుంది. దానికి చెల్లించే మూల్యం మాత్రం అంత సులభంగా కనిపించదు. ట్రాన్సిస్టర్ల స్విచింగ్ వల్ల ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి పౌనఃపున్యానికి అనులోమానుపాతంలోనూ, ఓల్టేజి వర్గానికి అనులోమానుపాతంలోనూ ఉంటుంది. పైగా పౌనఃపున్యం పెంచాలంటే ఓల్టేజినీ కొంత పెంచవలసి వస్తుంది కాబట్టి, వేగం కొద్దిగా పెరిగినా ఖర్చు, దానితోపాటు వేడి, చాలా ఎక్కువగా పెరుగుతాయి.

దీనికి 2000 జనవరిలో ఇంటెల్ సంస్థ స్పీడ్‌స్టెప్ పేరుతో విడుదల చేసిన ల్యాప్‌టాప్ పెంటియమ్ 3 ప్రాసెసర్ మంచి ఉదాహరణ. గోడ కరెంటు ఉన్నప్పుడు అది 650 మెగాహెర్ట్జ్ వద్ద 1.6 ఓల్టులతో నడిచేది. బ్యాటరీ మీదికి మారగానే 500 మెగాహెర్ట్జ్‌కు, 1.35 ఓల్టులకు దిగేది. లెక్క వేసి చూస్తే వేగంలో తగ్గింది 23 శాతమే, స్విచింగ్‌కు ఖర్చయ్యే శక్తిలో తగ్గింది మాత్రం దాదాపు 45 శాతం. అదే నెలలో ట్రాన్స్‌మెటా అనే చిన్న కంపెనీ, నడుస్తున్న పనిని బట్టి వేగాన్ని మెట్టు మెట్టుగా తనంతట తాను మార్చుకునే లాంగ్‌రన్ పద్ధతితో తన ప్రాసెసర్‌ను ప్రకటించింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ కాలంలో ఆ కంపెనీలోనే ఉద్యోగి కావడం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగిన సంగతి.

ల్యాప్‌టాప్ బ్యాటరీ కోసం పుట్టిన ఈ ఉపాయం కొద్ది సంవత్సరాలలోనే అన్ని కంప్యూటర్లకూ అవసరమైంది. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ వాటికి కావలసిన ఓల్టేజి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని 1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపిన సూత్రం మూడు దశాబ్దాలపాటు పరిశ్రమను నడిపించింది. 2005 ప్రాంతంలో ట్రాన్సిస్టర్ల నుంచి ఊరకే కారిపోయే విద్యుత్తు పెరగడంతో ఓల్టేజిని ఇంకా తగ్గించడం కుదరక ఆ సూత్రం ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4ను తెస్తామని చెప్పిన ఇంటెల్ 2004 అక్టోబరులో ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నది. అప్పటి నుంచి ప్రాసెసర్ తయారీ అంటే వేడిని లెక్కపెట్టి వేగాన్ని పంచుకోవడమే అయింది.

లినక్స్ కెర్నల్‌లో, అంటే యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ నిలిచి రెండింటినీ నడిపించే మూల భాగంలో, ఈ పంపకం పని చూసే విభాగాన్ని సీపీయూఫ్రీక్ అంటారు. ఇందులో రెండు పాత్రలు వేరువేరుగా ఉంటాయి. ఫలానా కంపెనీ ప్రాసెసర్‌కు వేగం మార్చమని ఏ భాషలో చెప్పాలో తెలిసిన భాగం డ్రైవర్. ఎప్పుడు, ఎంతకు మార్చాలో నిర్ణయించే భాగం గవర్నర్. ఈ విభజన వల్లనే ఒకే విధానం చేతిలోని ఫోను నుంచి సూపర్ కంప్యూటర్ వరకు పనికివస్తున్నది. ఈ విభాగాన్ని నేడు పోలండ్‌కు చెందిన రఫాయెల్ విసోకీ, భారతీయ ఇంజినీరు విరేశ్ కుమార్ నిర్వహిస్తున్నారు.

గవర్నర్ల పేర్లు వినగానే వాటి పని ఏమిటో తెలిసినట్టే అనిపిస్తుంది. పర్ఫార్మెన్స్ గవర్నర్ అనుమతించిన గరిష్ఠ వేగాన్నే ఎల్లవేళలా కోరుతుంది. పవర్‌సేవ్ కనిష్ఠ వేగాన్ని కోరుతుంది. యూజర్‌స్పేస్ నిర్ణయాన్ని వాడుకరికి వదిలేస్తుంది. 2004లో 2.6.9 కెర్నల్‌తో వచ్చిన ఆన్‌డిమాండ్ గవర్నర్ ఈ కథలో పెద్ద మలుపు. ఇంటెల్‌లో పనిచేసిన వెంకటేశ్ పల్లిపాడి దీని రూపకర్తలలో ముఖ్యుడు. 2006లో ఒట్టావాలో జరిగిన లినక్స్ సదస్సుకు అలెక్సీ స్టారికోవ్‌స్కీతో కలిసి దీని గతం, వర్తమానం, భవిష్యత్తు గురించి ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ చదవదగినది. నియమిత వ్యవధిలో ప్రాసెసర్ ఎంతసేపు పనిలో ఉంది, ఎంతసేపు ఖాళీగా ఉంది అని చూసి, పని నిర్ణీత శాతాన్ని, సాధారణంగా 80 శాతాన్ని, దాటగానే నేరుగా గరిష్ఠ వేగానికి ఎగబాకడం దాని పద్ధతి. మరుసటి ఏడాది వచ్చిన కన్సర్వేటివ్ గవర్నర్ అదే పనిని మెల్లగా, ఒక్కో మెట్టు ఎక్కుతూ దిగుతూ చేస్తుంది.

ఈ అమరికను చూడడానికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కరలేదు. లినక్స్‌లో సిస్ అనే ఫోల్డరు కింద డివైసెస్, దాని కింద సిస్టమ్, ఆపై సీపీయూ, ఆపై సీపీయూ సున్నా, చివరకు సీపీయూఫ్రీక్ అనే ఫోల్డరు ఉంటాయి. అందులో స్కేలింగ్ గవర్నర్ అనే ఫైలును తెరిస్తే ఒకే ఒక్క మాట కనిపిస్తుంది. ఆ మాటే ప్రస్తుతం అమలులో ఉన్న గవర్నర్ పేరు. పక్కనే ఉన్న స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్ అనే ఫైలులో 3200000 వంటి అంకె ఉంటుంది. అది కిలోహెర్ట్జ్‌లలో రాసింది కనుక 3.2 గిగాహెర్ట్జ్ అని చదువుకోవాలి. స్కేలింగ్ డ్రైవర్ అనే ఫైలులో డ్రైవర్ పేరు ఉంటుంది. నిర్వాహకుడి హోదాలో ఉన్నవారు మొదటి ఫైలులోని మాటను చెరిపి మరో గవర్నర్ పేరు రాస్తే చాలు, ఆ క్షణం నుంచే ఆ కోర్, అంటే ప్రాసెసర్‌లో విడిగా పనిచేయగల ఆ భాగం, కొత్త గవర్నర్ ఏలుబడిలోకి వస్తుంది. ఇంత సూటిగా యంత్రం అంతరంగాన్ని చూపించే ఏర్పాటు విద్యార్థికి వరం. ప్రతి కంప్యూటర్ ప్రయోగశాలలో మొదటి వారంలోనే ఈ ఫోల్డరును తెరిపించడం మంచిది.

2016లో 4.7 కెర్నల్‌తో విసోకీ ప్రవేశపెట్టిన షెడ్‌యుటిల్ గవర్నర్ అంతకుముందున్న పద్ధతిని మొదలంటా మార్చింది. ఆన్‌డిమాండ్ బయట నిలబడి ప్రాసెసర్ ఎంత తీరికగా ఉందో కొలిచేది. షెడ్‌యుటిల్ అలా కాకుండా షెడ్యూలర్‌ను, అంటే ఏ ప్రోగ్రాము ఏ క్షణంలో ఏ కోర్ మీద నడవాలో నిర్ణయించే కెర్నల్ భాగాన్ని, నేరుగా అడిగి తెలుసుకుంటుంది. దాని సూత్రం చిన్నది: గరిష్ఠ వేగంతో పోల్చితే ప్రస్తుతం ఎంత భాగం వినియోగం జరుగుతున్నదో చూసి, దానిని ఒకటింబావుతో గుణించి, అంత వేగాన్ని కోరుతుంది. 3.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో సగం వినియోగం ఉంటే 2 గిగాహెర్ట్జ్ కోరుతుంది. వినియోగం 80 శాతానికి చేరితే గరిష్ఠ వేగం కోరుతుంది. పైన కలిపిన ఆ పాతిక శాతం, పని ఒక్కసారిగా పెరిగితే తట్టుకోవడానికి ఉంచిన వెసులుబాటు.

అయితే వినియోగం అనే ఆ అంకె క్షణంలో పుట్టేది కాదు. గడిచిన కాలానికి ప్రాధాన్యం ప్రతి 32 మిల్లీసెకన్లకు సగమయ్యేలా లెక్కకట్టే సగటు అది. చాలాసేపు నిద్రలో ఉండి లేచిన ప్రోగ్రాము ఏకధాటిగా పనిచేయడం మొదలుపెడితే, దాని వినియోగం 32 మిల్లీసెకన్లకు 50 శాతానికి, 64 మిల్లీసెకన్లకు 75 శాతానికి చేరుతుంది. గరిష్ఠ వేగాన్ని తెచ్చిపెట్టే 80 శాతం గుర్తును అందుకోవడానికి 74 మిల్లీసెకన్లు పడుతుంది. తక్కువ వేగంలో నడుస్తున్నప్పుడు చేసిన పనిని తక్కువగానే జమ కట్టే పద్ధతి ఉన్నచోట ఇంకా ఎక్కువ సమయమే పడుతుంది. 2018లో వచ్చిన 4.17 కెర్నల్‌లో, నిద్రపోయే ముందు ప్రోగ్రాము ఎంత పని చేసిందో గుర్తుంచుకునే ఏర్పాటు చేరడంతో ఈ ఆలస్యం కొంత తగ్గింది. గంటసేపు సాగే లెక్కకు 74 మిల్లీసెకన్లు లెక్కలోకే రావు. 5 మిల్లీసెకన్లలో జవాబిచ్చి మళ్లీ నిద్రపోయే వెబ్ సర్వరుకు మాత్రం, వేగం పెరిగేలోపే పని అయిపోతుంది. అంటే దాని జీవితమంతా తక్కువ వేగంలోనే గడిచిపోతుంది.

ఇంతకంటే మోసకరమైన పరిస్థితి ఒకటుంది. రెండు ప్రోగ్రాములు వేరువేరు కోర్ల మీద ఉండి, ఒకదాని జవాబు కోసం మరొకటి వంతులవారీగా ఎదురుచూస్తూ నడుస్తున్నాయనుకుంటే, ఏ క్షణంలోనైనా వాటిలో ఒకటే పనిచేస్తుంది, రెండోది ఆగి ఉంటుంది. అందువల్ల ఏ కోర్‌ను చూసినా సగం ఖాళీగానే కనిపిస్తుంది. సూత్రం ప్రకారం 3.2 గిగాహెర్ట్జ్ నుంచి 2కు దిగుతుంది. దిగిన తరువాత రెండు ప్రోగ్రాములూ నెమ్మదించినా వంతుల క్రమం మారదు కాబట్టి మళ్లీ సగం ఖాళీయే కనిపిస్తుంది. అప్పుడు 2 నుంచి 1.25కు, అక్కడి నుంచి 0.8 దరిదాపులకు జారుతుంది. పని నిజంగా ఆగకుండా సాగుతూనే ఉంటుంది, వాడుకరి నిజంగా ఎదురుచూస్తూనే ఉంటాడు, యంత్రం మాత్రం తనకు పెద్దగా పని లేదని నమ్ముతుంది. డేటాబేస్‌కూ దానిని ప్రశ్నలడిగే ప్రోగ్రాముకూ నడుమ, విద్యార్థులు ప్రాజెక్టులలో రాసే క్లయింటు, సర్వరు జంటలకు నడుమ ఇలాంటి స్థితి అరుదేమీ కాదు. పర్ఫార్మెన్స్ గవర్నర్‌కు మారిస్తే ఇటువంటి చోట్ల వచ్చే తేడా స్పష్టంగా తెలుస్తుంది; రెండు ప్రోగ్రాములనూ టాస్క్‌సెట్ ఆదేశంతో ఒకే కోర్‌కు కట్టిపడేసినా, ఆ కోర్ నిండుగా కనిపించి వేగం తనంతట తానే పెరుగుతుంది. కంప్యూటర్ మందగించినప్పుడు టాస్క్ మేనేజర్ వంటి పట్టికలో 50 శాతం అంకె చూసి, ప్రాసెసర్‌కు ఇంకా తీరిక ఉంది కాబట్టి లోపం మరోచోట ఉందని తీర్మానించడం సరికాదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

ఇక పేర్ల దగ్గరే తలెత్తే గందరగోళం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తప్పుడు సలహాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. 2013లో 3.9 కెర్నల్‌తో ఇంటెల్ పీ-స్టేట్ అనే డ్రైవర్ వచ్చింది. అది తన చురుకైన స్థితిలో గవర్నర్ పనిని కూడా తానే చూసుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ అనే రెండు పేర్లే కనిపిస్తాయి. ఇక్కడి పవర్‌సేవ్‌కూ పైన చెప్పిన పవర్‌సేవ్‌కూ పేరు తప్ప పోలిక లేదు: ఇది కనిష్ఠ వేగంలో బిగుసుకుపోదు, పనిని బట్టి గరిష్ఠం దాకా ఎక్కుతుంది. ఈ సంగతి తెలియనివారు స్కేలింగ్ గవర్నర్ ఫైలులో పవర్‌సేవ్ అన్న మాట చూసి, తమ కంప్యూటర్ నెమ్మదికి ఇదే కారణమని అనుకుని మార్చివేస్తారు. తేడా కనిపించకపోవడంతో లినక్స్‌నే తప్పుపడతారు. కాబట్టి గవర్నర్ పేరు చదివే ముందు డ్రైవర్ పేరు చదవాలి.

2015లో వచ్చిన స్కైలేక్ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వేగం నిర్ణయం చాలావరకు హార్డ్‌వేర్‌కే దఖలుపడింది. కెర్నల్ ఒక మొగ్గును మాత్రమే తెలియజేస్తుంది: సున్నా నుంచి 255 వరకు ఉండే ఒక అంకె. సున్నా అంటే పూర్తిగా వేగం వైపు, 255 అంటే పూర్తిగా పొదుపు వైపు. నడుమ 128, 192 అనే రెండు మజిలీలకు బ్యాలెన్స్ పర్ఫార్మెన్స్, బ్యాలెన్స్ పవర్ అనే పేర్లున్నాయి. కెర్నల్ లెక్క కట్టి చెప్పేదాకా వేచి ఉండనక్కరలేదు కాబట్టి ప్రాసెసర్ చాలా త్వరగా వేగం అందుకుంటుంది. ఏఎండీ ప్రాసెసర్లకు ఇటువంటి డ్రైవరే 2022లో 5.17 కెర్నల్‌తో ప్రవేశించింది. కొత్త లినక్స్ డెస్క్‌టాప్‌ల సెట్టింగుల్లో కనిపించే పర్ఫార్మెన్స్, బ్యాలెన్స్‌డ్, పవర్ సేవర్ అనే మూడు ఎంపికలు చాలా యంత్రాలలో అంతిమంగా మార్చేది ఈ మొగ్గునే. అందువల్ల ఇటీవలి ల్యాప్‌టాప్ కొన్నవారు పదేళ్ల కిందటి సలహాలు పట్టుకుని ఆన్‌డిమాండ్ కోసం వెతకడం వృథా ప్రయాస.

వేగం పెరిగితే అన్ని పనులూ అదే నిష్పత్తిలో త్వరగా పూర్తవుతాయన్నది మరో అపోహ. ప్రాసెసర్ తనకు కావలసిన సమాచారం మెమరీ నుంచి వచ్చేవరకు ఆగవలసి వస్తే, ఆ ఆగే కాలం ప్రాసెసర్ క్లాక్ మీద ఆధారపడదు. మెమరీ జవాబుకు 100 నానోసెకన్లు పడుతుందనుకుంటే, 3 గిగాహెర్ట్జ్ వద్ద ప్రాసెసర్ 300 స్పందనలు ఖాళీగా గడుపుతుంది, 1.5 గిగాహెర్ట్జ్ వద్ద 150 గడుపుతుంది. గడిచిన కాలం మాత్రం ఒక్కటే. ఒక పనిలో 60 శాతం కాలం లెక్కలకూ, 40 శాతం కాలం మెమరీ కోసం ఎదురుచూపుకూ పోతుంటే, వేగాన్ని సగానికి తగ్గించినా పని రెట్టింపు సమయం తీసుకోదు, 1.6 రెట్లే తీసుకుంటుంది. కోడ్ కంపైల్ చేయడం, వీడియోను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చడం వంటివి వేగానికి బాగా స్పందిస్తాయి; పెద్ద పట్టికలను అటూ ఇటూ తిరగేసే పనులు అంతగా స్పందించవు.

ఇంతవరకు చెప్పినదంతా గది చల్లగా ఉన్నప్పటి మాట. ఓరుగల్లు వేసవి లెక్క వేరు. ఇక్కడ మే నెలలో ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలకు చేరడం మామూలే. ఏసీ లేని హాస్టల్ గదిలో, రేకుల కప్పు కింద నడిచే ఇంటర్నెట్ కేంద్రంలో ల్యాప్‌టాప్ పీల్చుకునే గాలి కూడా అంత వేడిగానే ఉంటుంది. ఎక్కువ ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీలను తమ హద్దుగా పెట్టుకుంటాయి. ఆ హద్దుకు చేరగానే గవర్నర్ ఏమి కోరినా పట్టించుకోకుండా ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీనిని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు.

ఈ హద్దు ఎండాకాలంలో ఎంత దగ్గరకు జరుగుతుందో లెక్కకట్టవచ్చు. ప్రాసెసర్ మీద అమర్చిన లోహపు పలకల హీట్ సింక్, ఫ్యాను కలిసి ఎంత వేడిని బయటికి పంపగలవన్నది ప్రాసెసర్ ఉష్ణోగ్రతకూ గది గాలి ఉష్ణోగ్రతకూ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో ఆ తేడా 75 డిగ్రీలు; 43 డిగ్రీల గదిలో 57 డిగ్రీలు మాత్రమే. అంటే అదే హీట్ సింక్, అదే ఫ్యాను చేరవేయగలిగిన వేడి 24 శాతం తగ్గిపోతుంది. చల్లని గదిలో 60 వాట్లను మోయగలిగినది మే నెల మధ్యాహ్నం 46 వాట్లకు కాస్త లోపే మోయగలదు. వేగంతోపాటు ఓల్టేజి కూడా అదే నిష్పత్తిలో మారుతుందని స్థూలంగా అనుకుంటే, నిలకడగా అందుకోగల వేగంలో సుమారు 9 శాతం కోత పడుతుంది. ఫ్యాను రెక్కలకు దుమ్ము పేరుకుని, ప్రాసెసర్‌కూ హీట్ సింక్‌కూ నడుమ పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే కోత ఇంకా పెద్దదవుతుంది. ఇటువంటి యంత్రంలో పర్ఫార్మెన్స్ గవర్నర్ పెట్టడం వల్ల కలిగే లాభం శూన్యం. ఖాళీ సమయాల్లో కొంత చల్లబడే అవకాశాన్ని కూడా కోల్పోయి, అవసరమైన క్షణానికి ప్రాసెసర్ ముందే వేడెక్కి ఉండే ప్రమాదం మాత్రం ఉంటుంది.

2008లో నెహేలమ్ తరంతో ఇంటెల్ తెచ్చిన టర్బో బూస్ట్ ఈ విషయాన్ని మరింత సున్నితం చేసింది. వేడి, విద్యుత్తు అనుమతించినంతసేపు ప్రకటించిన వేగాన్ని మించి పరుగెత్తడం టర్బో లక్షణం. చల్లని గదిలో ఆ పరుగు ఎక్కువసేపు సాగుతుంది, వేడి గదిలో త్వరగా ఆగిపోతుంది. ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ ఉన్న లినక్స్‌లో నో టర్బో అనే ఫైలులో 1 అని రాస్తే ఈ అదనపు పరుగు ఆగిపోతుంది. వేసవిలో పాత ల్యాప్‌టాప్ మీద సుదీర్ఘమైన పని చేయించేవారికి, పరుగెత్తి ఆయాసపడి ఆగి మళ్లీ పరుగెత్తే వేగం కంటే టర్బో లేకుండా ఒకే తీరున సాగే వేగమే చాలా సందర్భాలలో హాయిగా ఉంటుంది. లినక్స్‌లో ఈ వేడి నియంత్రణను ముందుచూపుతో నిర్వహించడానికి ఇంటెల్ ఇంజినీరు శ్రీనివాస్ పండ్రువాడ అభివృద్ధి చేస్తున్న థర్మల్‌డీ అనే నేపథ్య ప్రోగ్రాము ఉంది. ప్రాసెసర్ హద్దును తాకి ఒక్కసారిగా కుంగిపోకముందే అది విద్యుత్ వినియోగాన్ని మెల్లగా తగ్గిస్తుంది.

వేడితో సంబంధం లేకుండానే ప్రాసెసర్ 400 లేదా 800 మెగాహెర్ట్జ్ వద్ద కూలబడి ఎంతకూ లేవని స్థితి కూడా కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎదురవుతుంది. కంపెనీ చార్జర్ చెడిపోయి బజారులో మరొకటి కొన్నప్పుడు, ఆ చార్జర్ సామర్థ్యాన్ని గుర్తించలేని మదర్‌బోర్డు జాగ్రత్త కోసం ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి కట్టివేయడం ఇందుకు తెలిసిన కారణాలలో ఒకటి. గవర్నర్ ఎన్నిసార్లు మార్చినా ఈ కట్టు వీడదు. చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

వేగం, వేడితోపాటు కరెంటు ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి. ఉత్తర తెలంగాణకు విద్యుత్ పంపిణీ చేసే సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది హనుమకొండలోనే. ఉమ్మడి వరంగల్ జిల్లాలో భాగంగా ఉండిన భూపాలపల్లి ప్రాంతంలోని చెల్పూరు వద్ద 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం బొగ్గుతో నడుస్తున్నది. ప్రయోగశాలలో వృథా అయ్యే ప్రతి యూనిట్‌కూ అక్కడ బొగ్గు కాలుతుంది. గవర్నర్ అమరిక వల్ల ఒక్కో కంప్యూటర్ 10 వాట్లు అదనంగా తీసుకుంటుందనుకుంటే, 60 కంప్యూటర్ల ప్రయోగశాల 8 గంటల్లో 4.8 యూనిట్లు అదనంగా ఖర్చు చేస్తుంది. ఆ వేడిని బయటికి పంపడానికి ఏసీ ఖర్చు దీనికి తోడు. అయితే పొదుపు పేరుతో వేగాన్ని కనిష్ఠానికి కట్టివేయడం కూడా మేలైన పద్ధతి కాదు. ప్రాసెసర్ పని లేనప్పుడు క్లాక్ ఆపుకుని, కోర్లకు కరెంటు తీసేసి, లోతైన నిద్రలోకి జారగలదు. పనిని చప్పున ముగించి ఆ నిద్రలోకి వెళ్లడం, నెమ్మదిగా ఎక్కువసేపు మెలకువగా ఉండడం కంటే కొన్నిసార్లు తక్కువ శక్తితో సరిపోతుంది, ఎందుకంటే ప్రాసెసర్ మెలకువగా ఉన్నంతసేపు మెమరీ, మదర్‌బోర్డు కూడా మెలకువగానే ఉండాలి. ఏది లాభమో ఆయా యంత్రంలో పవర్‌టాప్, టర్బోస్టాట్ వంటి సాధనాలతో కొలిచి తేల్చుకోవలసిందే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచే గంటలో మాత్రం పవర్ సేవర్‌కు మారడంలో సందేహించవలసింది లేదు.

కొలత అన్నప్పుడు విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల గురించి గట్టిగానే చెప్పాలి. తాము రాసిన కొత్త అల్గారిథమ్ పాతదానికంటే 7 శాతం వేగవంతమని ప్రకటించే నివేదికలో, కొలిచిన యంత్రం గవర్నర్ ఏది, టర్బో ఉందా లేదా, గది ఏ వేడిలో ఉంది అన్న వివరాలు లేకపోతే ఆ 7 శాతానికి అర్థం లేదు. చల్లగా ఉన్న ప్రాసెసర్ మీద ముందు నడిచిన ప్రోగ్రాముకూ, అది వేడెక్కించి వదిలిన ప్రాసెసర్ మీద తరువాత నడిచిన ప్రోగ్రాముకూ అంతకంటే పెద్ద తేడా ఊరకే వస్తుంది. కొలతకు ముందు పర్ఫార్మెన్స్ గవర్నర్ పెట్టి, టర్బో ఆపి, గరిష్ఠ వేగాన్ని వేసవి మధ్యాహ్నం కూడా నిలబడగల స్థాయికి దించి, రెండు ప్రోగ్రాములనూ మార్చి మార్చి పలుమార్లు నడపడం నిజాయితీ గల పద్ధతి. 2017 నవంబరు నుంచి ప్రపంచపు అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీదనే నడుస్తున్నాయి. అటువంటి యంత్రాలలో పనులను వరుసకట్టి నడిపే స్లర్మ్ అనే వ్యవస్థ, ఫలానా పనికి ఫలానా వేగం లేదా గవర్నర్ కావాలని పనితోపాటే కోరే వీలు కల్పిస్తుంది. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో నెలకొల్పిన పరమ్ సేవ వంటి వ్యవస్థల మీద లెక్కలు నడిపే స్థాయికి చేరబోయే విద్యార్థికి ఈ అలవాటు తన ల్యాప్‌టాప్ మీదనే పట్టుబడాలి.

సిస్ ఫోల్డరులో రాసిన మాటలు కంప్యూటర్ ఆపి తెరవగానే చెరిగిపోతాయి. నిలిచి ఉండాలంటే బూట్ సమయంలో నడిచే సర్వీసులోనో, కెర్నల్‌కు ఇచ్చే బూట్ ఆదేశంలోనో రాసిపెట్టాలి. అద్దెకు తీసుకునే క్లౌడ్ యంత్రాలలో అయితే సీపీయూఫ్రీక్ ఫోల్డరు సాధారణంగా కనిపించనే కనిపించదు. అక్కడ వేగం పగ్గాలు కింద ఉన్న అసలు యంత్రం చేతిలో, దాని యజమానుల చేతిలో ఉంటాయి. అటువంటి చోట తీసుకున్న కొలతలను వేరువేరు రోజులలో, వేరువేరు వేళలలో మళ్లీ తీసుకుని, సగటుతోపాటు అతి తక్కువ, అతి ఎక్కువ విలువలను కూడా నివేదికలో చూపాలి.